ఉచితమైన దారియు, దారికి కావలియు

ఆకలిగొన్నవానికి ఒకడు అన్నము పెట్టి, "ఇకమీదట నీవు నా యింటనే తినవలెను" అనినయెడల దానిని దానమందుమా, బేరమందుమా? ఈ ప్రశ్న కొన్ని యేండ్ల క్రిందట మన దేశములో ఇంటర్నెట్టు విషయమై పెద్ద వివాదముగా లేచెను. బీదల పేరటనే ఆ వివాదము జరిగినను, మన గ్రామములవారిలో దాని నెరిగినవారు బహు కొద్దిమంది.

2013లో ఫేస్‌బుక్ కంపెనీ అధిపతియైన మార్క్ జుకర్‌బర్గ్, ఇంటర్నెట్టు లేని బీద దేశముల ప్రజలకు దాని నందించెదమని ఒక ఏర్పాటును ప్రకటించెను. 2015 ఫిబ్రవరిలో అది రిలయన్స్ కమ్యూనికేషన్స్ ద్వారా మన దేశమునకు వచ్చెను. మొదట ప్రారంభించిన ప్రాంతములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు కూడ ఉండెను. తరువాత దానికి ఫ్రీ బేసిక్స్ అని పేరు పెట్టిరి. వాతావరణము, ఆరోగ్యము, ఉద్యోగములు, వికీపీడియా, వీటితోపాటు ఫేస్‌బుక్కు, ఇవన్నియు రూకలేకుండ చూడవచ్చును. ఆ జాబితా దాటి ఒక్క అడుగు పెట్టినచో డబ్బు చెల్లింపవలెను. జాబితాలో చేరవలెనన్న ఫేస్‌బుక్కు పెట్టిన షరతుల కొప్పుకొనవలెను. చదువరి అడిగినదంతయు వారి యంత్రముల గుండనే పోవలెను.

ఏమియు లేనివానికి గంజియైనను మేలు కాదా యని అనేకులడిగిరి. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. పట్టణములలో నిండు విస్తరి ముందు కూర్చున్నవారు పల్లెవాని గంజిముంతను వలదనుట మాకును మొదట న్యాయముగా తోచలేదు. అయితే గంజి త్రాగినవాడు రేపు అన్నము తినుటకు ఆ గంజి అడ్డురాదు. ఇక్కడ సంగతి వేరు. ఒక ఊరివాడు తన పంటల ధరలు తెలుపుటకు తెలుగులో చిన్న పుట నొకటి తెరచెననుకొందము. అతని పొరుగువాడు దానిని చూచుటకు డబ్బు పెట్టవలెను, కంపెనీ ఎన్నుకొన్న పుట ఊరకనే వచ్చును. బీదవాడు ఎటు పోవును? అతడు బీదవాడైనందుననే అతని దారి ముందుగా నిర్ణయమైపోవును.

2015 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థయైన ట్రాయ్ ఈ విషయమై ప్రజల అభిప్రాయమడిగినప్పుడు, ఫేస్‌బుక్ వారు తమ చందాదారులకు ముందే వ్రాసిపెట్టిన లేఖ నొకటి చూపి, ఒక్క మీట నొక్కి పంపుడనిరి. లక్షలమంది నొక్కిరి. ట్రాయ్ అడిగిన ప్రశ్నలేవో వారిలో అనేకులెరుగరు. (ఎదిరి పక్షమువారు కూడ సిద్ధపరచిన లేఖలు పంచినమాట నిజమే, కాని వారు అడిగిన ప్రశ్నలకే జవాబు వ్రాసిరి.) తన దయను పొందినవాని నోటనుండి తన మాటనే పలికించుకొనుట మాకు మిక్కిలి బాధ కలిగించిన సంగతి.

మన తెలుగు సంఘముల చరిత్రలో దీనికి ఎదురు దృష్టాంతము ఒకటి గలదు. 1876-78 నాటి ధాత కరవులో ఒంగోలు మిషనెరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొని వేలాది బీదలకు కూలి కల్పించిరి. ఆ కాలమున బాప్తిస్మము కోరి వచ్చినవారిని ఆయన నిలిపివేసిరి. కూటికొరకు వచ్చినదెవరో, నమ్మి వచ్చినదెవరో ఏర్పరచుట ఎట్లు? 1878 జులైలోగాని మరల బాప్తిస్మములియ్యలేదు. తనకు లాభము రాదగిన చోటనే ఆయన చేయి వెనుకకు తీసికొనిరి.

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తీర్పు చెప్పెను. చూచు విషయమునుబట్టి వేరువేరు ధరలు పెట్టరాదు. తప్పినవారికి దినమునకు 50,000 రూపాయల చొప్పున, 50 లక్షల వరకు జరిమానా. అత్యవసర సమయములకు మాత్రము మినహాయింపు గలదు. ఆ తీర్పు వెలువడినంతనే ఫేస్‌బుక్ పాలకవర్గములోని మార్క్ ఆండ్రీసెన్ అను ధనికుడు, వలసపాలన నెదిరించుటవలననే భారతీయులు ఆర్థికముగా చెడిరను భావముతో వ్రాసి, జనులు మండిపడగా దానిని తీసివేసి క్షమాపణ చెప్పుకొనెను. జుకర్‌బర్గ్ సహితము ఆ మాట తమది కాదనెను. అయినను లోపలనున్న తలంపు ఒకసారి బయటికి వచ్చినది.

మయన్మారు దేశములో ఇట్టి అడ్డు ఏమియు లేకపోయెను. 2018లో ఐక్యరాజ్యసమితి విచారణ సంఘము, అక్కడి అధిక జనులకు ఫేస్‌బుక్కే ఇంటర్నెట్టనియు, రోహింగ్యాలపై ద్వేషము వ్యాపింపజేయువారికి అది పనిముట్టైనదనియు తేల్చెను.

మన దేశములో 2016 సెప్టెంబరున జియో కంపెనీ రాగా ధరలు పడిపోయి, మూసిన జాబితా లేకుండనే బీదలకు ఇంటర్నెట్టు అందెను. ఆ కంపెనీయు కొన్ని నెలలు ఉచితముగానే రుచి చూపినది. 2020లో ఫేస్‌బుక్ వారు 43,574 కోట్ల రూపాయలతో జియో ప్లాట్‌ఫారమ్స్‌లో దాదాపు పదవవంతు వాటా కొనిరి. ముంగిట ఆగినవారు పెరటిదారిని వచ్చిరందుము.

చట్టము తలుపు తెరచియే ఉంచినది. అయినను మా సంఘములలో ముసలమ్మలను, "అమ్మా, నీ ఫోనులో నెట్టున్నదా?" యని యడిగినయెడల, "ఉన్నదండీ అయ్యగారూ, వాట్సాపు వస్తున్నదిగదా" యని చెప్పుదురు. ఆ వాట్సాపును ఫేస్‌బుక్ వారు 2014లోనే కొనియున్నారు.