కక్కయ్య సందేహము

కడప జిల్లాలోని కందిమల్లాయపల్లెలో సమాధినొందిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామిని గూర్చి జనులు చెప్పుకొను కథలలో కక్కయ్య కథ యొకటి కలదు. దేహమందలి షట్చక్రములలో దేవతలు కొలువై యుందురని స్వామి తన శిష్యుడైన సిద్ధయ్యకు బోధించుచుండగా చాటున విన్న కక్కయ్య, ఇంటికి పోయి, నిద్రించుచున్న భార్యను చీల్చి చూచి, నెత్తురును మాంసమును తప్ప మరేమియు కానక, బోధ అబద్ధమని స్వామిని నిలదీసెనట. స్వామి ఆమెను బ్రతికించి అతని సందేహము తీర్చెనని కథ.

కక్కయ్యను మూఢుడని నవ్వుట తగదు. కన్నులార చూడనిదే నమ్మననుట జిజ్ఞాసువు లక్షణమే. ఆ జిజ్ఞాసకు మరియొకరి ప్రాణమును, వారి నడుగకయే, మూల్యముగా చెల్లించుట మహాపరాధము.

1957లో వెలసిన కర్నూలు వైద్యకళాశాలకు చేరిన పెద్దాసుపత్రికి, మెడలో బిళ్లలు కట్టి, సాయంకాలపు జ్వరముతో చిక్కిపోవుచు వచ్చిన రోగి విషయమున, లోన నేమున్నదో యను ఈ సందేహమే పుట్టును. అది క్షయయో, లింఫోమా యను క్యాన్సరో పైలక్షణములను బట్టి నిశ్చయించుట దుష్కరము. చికిత్సలు మాత్రము పూర్తిగా వేరు. అపుడు బిళ్లలో కొంత కోసి, ఫార్మలిన్‌లో నుంచి, మైనములో దిమ్మగా పోసి, మిల్లీమీటరులో సుమారు 250వ వంతు మందమున పొరలు తీసి, హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులద్ది, నీలముగా తేలిన కణకేంద్రములను సూక్ష్మదర్శినిలో పరిశీలింతురు. దీనినే మనవారు ముక్క పరీక్ష యందురు.

ఇంత చేసినను ప్రత్యక్షము, అనగా కంటితో చూచుట, అనుమానమును, అనగా ఊహించి తేల్చుటను, తోసివేయజాలదు. గ్రాన్యులోమా యను కణసమూహము క్షయలోనే కాక సార్కాయిడోసిస్‌లోను, కుష్ఠులోను కానవచ్చును. రోగమున్న తావు తప్పి ప్రక్కభాగము చేతికి వచ్చినచో, రోగము లేదను ఫలితము నమ్మదగినది కాదు. కన్ను చూచినదానికి అర్థము చెప్పుటకు శాస్త్రాభ్యాసము కావలెను. కావుననే, కక్కయ్యవలె కంటికే కట్టుబడి, గాజుపలకపై కానరాలేదని ఆత్మను కాదనువారును, ఆత్మ నిత్యమైనది గదా యని పరీక్షను మానుకొనువారును ఒక ప్రమాణమును దాని పొలిమేర దాటించుచున్నవారే.

ముక్క తీసిన రోగము పాకునని మన పల్లెలలో భయపడుదురు. అట్లు జరుగుట మిక్కిలి యరుదు. జాప్యమువలని హానియే యధికము. వైద్యులు కత్తి పట్టకముందే రోగికి తెలియు మాటలలో కారణము చెప్పి సమ్మతి గైకొనవలెను. రోగులు ఫలితపు కాగితమును భద్రపరచుకొనవలెను. మైనపు దిమ్మ ఏండ్ల తరబడి చెడక యుండును గావున, సందేహము మిగిలినచో దానినే వేరొక నిపుణునికి చూపవచ్చును.