నీళ్లెన్ని పోసినవ్?

చేసుకున్నవారికి చేసుకున్నంత అంటారు. ప్రెషర్ కుక్కర్ మూతకుండే సేఫ్టీ వాల్వ్ ఈ మాట ఒప్పుకోదు. నీళ్లు ఇంకిపోయినా, పప్పు నురగ పోయి విజిల్ గొట్టానికి అడ్డం పడ్డా, ముందు అందులోని మెత్తటి లోహపు బిళ్ల కరుగుతుంది. ఆవిరి బయటికి పోతుంది, మనిషి మిగులుతుంది. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మరిచిపోతారని ముందే అనుకుని చేసిన ఏర్పాటు. ఇంత దయ ఉన్నవాడు లోపల నీళ్లెన్నున్నాయో చూసుకునే వీలు ఎందుకు పెట్టలేదు? నన్ను తొలిచేది ఇదే.

రైల్వే ఊరు మా కాజీపేట వాళ్లకు ఈ బిళ్ల కొత్త కాదు. మన దేశంలో కుక్కర్ల తయారీ 1959లో మొదలైంది. ఆవిరి ఇంజన్లు అంతకు ఎంతో ముందునుంచే దాన్ని మోశాయి. నిప్పుపెట్టె కప్పులో లెడ్ ప్లగ్ బిగించేవారు. బాయిలర్‌లో నీటి మట్టం పడిపోతే 327 డిగ్రీల దగ్గర సీసం కరిగి, ఆవిరి నిప్పు మీదికి దూకేది. బాయిలర్ బతికేది. డ్రైవర్‌కు చార్జిషీటు వచ్చేది.

రైల్వే క్వార్టర్‌లో ఉండగా ఓ ఆదివారం మా కుక్కర్ వాల్వ్ పోయింది. కందిపప్పు పైకప్పుకు కొట్టింది. బాపు లోకో షెడ్డు నుంచి వచ్చి, బూట్లన్నా విప్పకుండా మూత తిరగేసి చూసి, "నీళ్లెన్ని పోసినవ్?" అన్నాడు. అచ్చం ఎంక్వైరీ ఆఫీసర్ గొంతు. అమ్మ స్టూలెక్కి అట్లకాడతో పప్పు గీకుతోంది. దిగలేదు.

"మీ ఇంజన్ మీద ముగ్గురుంటరు. నీళ్లు చూసెతందుకు గేజి గ్లాసుంటది. అయినా మీ ప్లగ్గులు కరుగుతనే ఉంటయి. నాకేమున్నది, ఈ చెవులు తప్ప?"

బాపు మూత అక్కడ పెట్టి కాళ్లు కడుక్కోను పోయాడు.

ఆ చెవుల సంగతి చిన్నది కాదు. విజిల్ రాగానే మంట తగ్గించి నిమిషాలు లెక్కపెట్టమని కుక్కర్‌తో వచ్చే కాగితం చెబుతుంది. ఆ కాగితం ఎవరు చదివారు? మనం విజిళ్లే లెక్కపెడతాం. లోపల ఎంత మిగిలిందో విజిల్ చెప్పదు, ఎంతో కొంత పోయిందని మాత్రం చెబుతుంది.

పోనీ గ్లాసు పెట్టాల్సిందే అని వాదిద్దామంటే అమ్మ మాటే అడ్డొస్తుంది. గ్లాసున్న ఇంజన్లోనూ ప్లగ్ కరిగింది కదా! కళ్లముందున్నా చూడని క్షణం ఒకటుంటుంది, వాల్వ్ ఆ క్షణం కోసమే. అంటే నా ఫిర్యాదు ఇక్కడితో వీగిపోవాలి. పోవడం లేదు. కోపం చేసినవాడి మీద కాదేమో. కరిగిన బిళ్ల చేసింది కాపాడటమే. దాన్ని పట్టుకుని సాక్ష్యం చెప్పించుకుంటున్నది మనం.

మొన్న చౌరస్తాలో కొత్త వాల్వ్ కోసం వెళితే, దుకాణమాయన పాతదాన్ని వేలితో నొక్కి చూశాడు.

"మేడం నీళ్లు పొయ్య మర్షిపోయిన్రా సార్?"

వండింది నేనేనని చెప్పాను.

"అట్లయితే వాల్వే డూప్లికేటు అయ్యుంటది సార్."