అడుగలేనివారికిచ్చిన మాట



అప్పిచ్చినవాడు గుమ్మము ముందు నిలిచి అడుగును గనుక మనము తీర్చుదుము. పెండ్లిమాట తప్పినయెడల పదిమంది నిందింతురు గనుక నిలుపుకొందుము. అయితే అడుగుటకు నోరులేనివారికిచ్చిన మాట సంగతి ఏమి? కొంగకును చెరువునకును ఇచ్చిన మాట, మాటయేనా?

ఇది ఊరక పుట్టిన ప్రశ్న కాదు. 2002లో మన దేశమందు చేయబడిన జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి పంచాయతీయు, ప్రతి మునిసిపాలిటీయు ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరచవలెను. ఆ కమిటీ ఊరివారినడిగి, తమ పొలిమేరలోని చెట్లు, చేపలు, పక్షులు, విత్తనములు, మందుమొక్కలు ఒక రిజిస్టరులో వ్రాయించవలెను. వాటిని కాపాడుటకు పాటుపడవలెను. 2022 డిసెంబరులో మాంట్రియల్ నగరమందు కూడిన దేశములు, పాడైన నేలలోను నీటిలోను కనీసము నూటికి 30 వంతులను 2030 నాటికి బాగుచేయు పనిలో నుంచవలెనని ఒప్పుకొనినవి. అంత పెద్దమాటయు చివరకు వచ్చి నిలుచునది మన ఊరి చెరువుగట్టు మీదనే.

ఆ మాటను ఎట్లు నిలుపుకొంటిమి? చట్టము వచ్చి 17 ఏండ్లు గడచినను అనేక ఊళ్లలో కమిటీలే లేవు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టి, దానిని దాటిన రాష్ట్రము నెలకు 10 లక్షల రూపాయలు కట్టవలెనని ఆజ్ఞాపించెను. అటుపిమ్మట కొద్దికాలములోనే దేశమంతట లక్షలకొలది కమిటీలు ఏర్పడినవి. భయము కమిటీని పుట్టింపగలదు; చెరువును ప్రేమించుట నేర్పలేదు.

మత్తయి సువార్త 21వ అధ్యాయములో ఇద్దరు కుమారుల కథ మీరెరుగుదురు. తండ్రి తోటలో పనికి పొమ్మనగా ఒకడు మొదట పోనని చెప్పి, పిమ్మట మనస్సు మార్చుకొని వెళ్లెను. రెండవవాడు మర్యాదగా సరేనని చెప్పి ఇంటనే యుండెను. తండ్రి చిత్తము జరిగించినది ఎవడు? తీర్మానపు పుస్తకములో చేవ్రాలు చేసి ఊరకుండు పంచాయతీ ఆ రెండవ కుమారునికి దగ్గరి చుట్టము.

మాట ఇయ్యకయే పనిచేసిన వారును మన జిల్లాలో ఉన్నారు. టెక్కలి దగ్గర తేలినీలాపురమునకు ఏటేట చలికాలమునకు గూడబాతులును ఎర్రకాళ్ల కొంగలును వచ్చి, గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని పోవును. ఇచ్ఛాపురము దగ్గర తేలుకుంచికి తొలకరితో నత్తలను ఏరి తిను కొంగలు వచ్చును. ఇంటి పెరటి చెట్టుమీద గూడు కట్టిన పక్షి రెట్ట ఎక్కడ పడునో, ఆ వాసన ఎట్టిదో చెప్పనక్కరలేదు. అయినను ఆ ఊళ్లవారు వాటిని తోలివేయరు, కొట్టనియ్యరు. వాటి రాకను ఊరికి మేలని యెంచుదురు. ఏ చట్టమును వారికి ఈ ఓర్పు నేర్పలేదు.

ఆలాగైతే కాగితము వ్యర్థమా? కాదు. సోంపేట బీలను తలంచుకొనుడి. వాననీరు నిలిచి, పంటకు తడియు, జాలరికి చేపయు, పశువునకు మేతయు ఇచ్చు చిత్తడినేల అది. దానిని విద్యుత్కేంద్రమునకు కేటాయించిన నాడు లెక్కలలో అది పనికిరాని నేల అయ్యెను. ఊరివారు అడ్డగించిరి. 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణములు పోయెను. కేంద్రము అక్కడ కట్టబడలేదు, బీల మిగిలెను. అయితే ఎంత వెలకు! ఆ బీలలో ఏమేమి బ్రదుకుచున్నదో, ఎవరెవరు దానివలన బ్రదుకుచున్నారో ముందే నిజముగా వ్రాసియుండిన, దానిని పనికిరానిదనుట అంత సులువై యుండునా? ఆదాము జీవులకు పేర్లు పెట్టెనని చదువుచున్నాము. పేరు తెలిసినదానిని చెరుపుటకు చేయి కొంత వెనుదీయును.

కొందరు, “మా ఊరికి రోడ్డే సరిగా లేదు, కొంగల మాట ఇప్పుడేల?” అందురు. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. బీదవానికి మొదట కూడు కావలెను. కాని బీల ఎండినయెడల మొదట ఆకలిగొనునది ఎవరు? పట్టణమందలి గుత్తేదారుడు కాదు. వలయే ఆస్తిగా గలవాడు. కొంగకిచ్చిన మాట తప్పినవాడు జాలరికిచ్చిన మాటయు తప్పినవాడే.

మరియొక చిక్కు ఉన్నది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానములో కొబ్బరిచెట్లను, జీడితోటలను నేలగూల్చెను. ఒక్క రాత్రి కూలిన తోట మరల కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. సర్పంచి పదవికాలము 5 సంవత్సరములు. నేడు నాటినవాడు దాని నీడన సన్మానము పొందడు. ఈ పని ఎక్కువగా ఆగిపోవునది ఇక్కడనే. ఒకరు ఇచ్చిన మాటను మరియొకరు నిలుపవలెను. మెప్పు ఇద్దరికిని దక్కకపోవచ్చును.

ఆదికాండము 9వ అధ్యాయములో జలప్రళయము తీసిన తరువాత దేవుడు నిబంధన చేసెను. ఎవరితో? నోవహుతోను అతని సంతానముతోను మాత్రమే కాదు. ఓడలోనుండి వెలుపలికి వచ్చిన పక్షులతోను పశువులతోను సమస్త జీవులతోను చేసెను. అవి చేవ్రాలు చేయలేదు, తిరిగి ఏమియు ఇయ్యలేదు. మాట తప్పినయెడల అడుగుటకు వాటికి నోరును లేదు. అయినను ఆ నిబంధన తరతరములకు నిలిచెను. మాట బలము వినువాని అధికారములో లేదు, ఇచ్చినవాని నమ్మకత్వములో ఉన్నది.

కాబట్టి వచ్చే గ్రామసభకు వెళ్లుడి. మన ఊరి రిజిస్టరు ఎక్కడనున్నదని మర్యాదగా అడుగుడి. దానిలో మన గెడ్డ పేరున్నదా, మన చెరువులోని చేపల పేర్లున్నవా చూడుడి. లేనియెడల ఊరి ముసలివారినడిగి వ్రాయించుడి. అడుగలేనివారి పక్షమున అడుగుట మన వంతు. మన మాట అవునంటే అవునుగా ఉండునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక.