టిక్కెట్ లేని వినోదం

దుబాయ్ మాల్‌లోని అక్వేరియం తొట్టిలో కోటి లీటర్ల నీళ్లు. 2008లో తెరిచారు. లోపల సొరంగంలో నడవాలంటేనే టిక్కెట్. మాల్‌లో నిలబడి చూడటం ఉచితం. అసలు వినోదమంతా ఆ ఉచిత వరసలోనే ఉందని నా అనుమానం.

సెలవురోజు మనవాళ్లు పిల్లల్ని భుజాలకెత్తుకుని అక్కడే కనిపిస్తారు. కాకినాడ నుంచి విజిట్ వీసా మీద వచ్చిన ఓ మామ్మగారు, ఎదుటికొచ్చిన సొరచేపను తేరిపార చూసి కోడలితో అన్నారు: "నీ పురిటప్పుడు సొరపిట్టు చేద్దామని మార్కెట్టంతా తిరిగానే, ఇదిగో ఇక్కడుంది!"

"మామ్మా, నెమ్మదిగా! అది వింటుంది" అన్నాడు మనవడు. అడ్డుగా ఉన్న పలక ముప్పాతిక మీటరు మందం. గాజు కూడా కాదు, యాక్రిలిక్. మామ్మగారు మాత్రం చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎన్ని కిలోలుంటుందే?" అని గుసగుసగా అడిగారు.