గెట్టు, బాట

పెద్దమందడిలో సారు ఇంటి అరుగు మీద పల్లికాయల కుప్ప. ఆయన ఒలుస్తూ కూర్చుంటే, నేను రాసుకొచ్చిన కాగితం చదివి వినిపించాను. బడి హాలులో ఇద్దరు చిత్రకారుల బొమ్మలు పెడదామనుకున్నాం. అసలు చిత్రాలు మా ఊరికెక్కడ వస్తాయి? కేటలాగుల్లోంచి పెద్దవి చేయించిన ప్రింట్లే. కె. లక్ష్మాగౌడ్‌వి కొన్ని, తోట వైకుంఠంవి కొన్ని. పరిచయం రాసే పని నా మీద పడింది. "ఒకరిది గీత, ఇంకొకరిది రంగు" అని మొదలుపెట్టాను.

సారు చెయ్యి ఆగింది. "ఎవరు చెప్పిన్రు రా నీకు?"

"చూస్తె తెలుస్తలేదా సారూ? ఆయనది నలుపు, తెలుపు. ఈయనది ఎరుపు, పసుపు."

"బొమ్మల చూసినవా, ఎవరన్న రాస్తె పేపర్ల చూసినవా?"

జవాబు చెప్పలేదు. చదివిన సంగతులు మాత్రం వరసగా అప్పజెప్పాను. లక్ష్మాగౌడ్ 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. వైకుంఠం 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో. ఇద్దరూ హైదరాబాదులో చదివి బరోడా పోయినవాళ్లే. ఇద్దరికీ అక్కడ గురువు కె.జి. సుబ్రమణ్యన్. పల్లె ఒకలాంటిది, గురువు ఒకడే, చేతులు మాత్రం వేరు. ప్రదర్శనకు ఇంతకన్నా ఏం కావాలి?

"ఇంత తెల్సినోనివి, వైకుంఠం మొదట్ల బొగ్గుతోని గీసిండన్నది తెల్వదా? ఆ ఎర్రచీరల రంగు తీసెయ్యి. ఏం మిగుల్తది? గీతనే. లక్ష్మాగౌడ్ రంగు ముట్టలేదా? అద్దం మీద ఏసిండు, మట్టిబొమ్మలు చేసి వాటికీ అద్దిండు. ఆయన ఎచింగులు ఎట్ల చేస్తరో ఎరుకేనా?"

తెలుసు. జింకు రేకుకు మైనంలాంటి పూత పూసి, దాని మీద సూదితో గీస్తారు. పూత లేచిన చోటంతా యాసిడ్ తింటుంది. రేకును ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, కాగితం మీద అంత నలుపు.

"అంటే గీతల సగం ఆయనది, సగం యాసిడ్‌ది. దాన్ని నువ్వు ఉత్త గీత అంటున్నవ్."

సారు జేబులోంచి సుద్దముక్క తీశాడు. రిటైరై ఎన్నేళ్లయినా ఆ జేబులో సుద్ద మానలేదు. చొక్కాలన్నీ అక్కడే తెల్లబడి ఉంటాయి. అరుగు మీద రెండు గీతలు గీశాడు. ఒకటి తిరిగొచ్చి తన మొదటికే కలిసింది. రెండోది మేక వీపులా లేచి, కొమ్మలా చీలి, ఎక్కడా ముగియకుండా అరుగు అంచు దాకా పోయింది.

"ఇది గెట్టు, ఇది బాట. వైకుంఠం గీత గెట్టు లెక్క మనిషి చుట్టూ తిరిగి మూసుకుంటది. అందుకే లోపల రంగు నిలవడ్తది. లక్ష్మాగౌడ్ గీత మేకలు తొక్కిన బాట. మనిషిలకెల్లి చెట్టులకు, చెట్టులకెల్లి మట్టిలకు పోతనే ఉంటది."

"గెట్టు అంటే వేరు చేసుడే కదా సారూ. వైకుంఠం బొమ్మల ఉన్న ఆ అమ్మ ఒంటరిదా మరి?"

"ఒంటరిది ఎందుకైతది? అంత బొట్టు పెట్టుకొని నిన్నే చూస్తుంటే! ఆ పొలం ఆమెదే అని చెప్తది గెట్టు. బాటల సుఖమున్నదనుకోకు. అండ్ల కామమున్నది, ఆకలున్నది, భయం గూడ ఉన్నది."

ఆ కామం వల్లే లక్ష్మాగౌడ్ తొలి బొమ్మలు కొన్నిటిని పక్కన పెట్టేశాను. బడి హాలు కదా. "అవి తీసేసి చూపిస్తే ఆయనను చూపించినట్టేనా?" అని అడిగాను. సారు రెండు కాయలు ఒలిచాడు, మూడోది ఒలిచాడు. ఇంక ఏమీ అనలేదు.

నాకు ఇంకో గుచ్చుకునే సంగతి ఉంది. "ముంబై బస్సుకు మూట నెత్తిన పెట్టుకొని నిలవడ్డ మన పాలమూరు మనిషి ఎవరి బొమ్మల ఉన్నది సారూ? వైకుంఠం ఆడోళ్లకు అలసటే ఉండదు."

"ఆయనకు తెల్వకనా? 'దాసి' సినిమాకు కళాదర్శకత్వం చేసి జాతీయ అవార్డు తెచ్చుకున్నడు. గడీల మగ్గిన ఆడపిల్ల కత అది. తెల్సీ, బొమ్మల మాత్రం ఆమెకు కొత్తచీర కట్టిండు."

"అది తప్పించుకునుడు కాదా?"

"నువ్వు పెండ్లి ఫోటో దిగినప్పుడు అప్పు కాగితం చేతుల పట్టుకున్నవా?"

నవ్వొచ్చింది కానీ ఒప్పుకోలేదు. ఫోటో ఒకరోజుది, ఈయన దశాబ్దాల పాటు పండుగపూటనే గీశారు. సారూ ఒప్పించాలని చూడలేదు. "మూట మోసేటామెకు గెట్టు లేదు, బాటొక్కటే ఉన్నది" అన్నాడు. మాట మరీ బాగుంది. అంత బాగా కుదిరిన మాటంటే నాకు అనుమానం, ఆ బాట లక్ష్మాగౌడ్ బాటేనని కూడా అనలేం కదా. సారుకు కూడా అలాగే అనిపించిందేమో, "ఇద్దరిని పెట్టి ఊరంత అయిపోయిందని మాత్రం రాయకు" అని కలిపాడు.

"మరి ఇద్దరినీ పక్కపక్కన పెట్టుడు ఎందుకు?"

"గద్వాల చీర చూడు. ఒళ్లు నూలు, అంచు పట్టు. వేరువేరు నాడెలు ఆడుతుంటయి. నూలు పోగు పోయి పట్టు పోగును పట్టుకొని మళ్ల ఎనుకకొస్తది. మా అమ్మ చీర కొంటె అంచు జరీ తర్వాత చూసేది. ముందు అతుకు కాడ గుంజి చూసేది."

2010లో ఆ చీరకు జీఐ గుర్తింపు వచ్చిందని నేను అందుకోబోయాను. సారు వినలేదు.

"నీ హాలుల అతుకు ఏడున్నది? ఈయన ఆఖరు బొమ్మకు, ఆయన మొదటి బొమ్మకు నడుమ గోడ ఎంత ఇడుస్తున్నవ్?"

ఆలోచించలేదు. రెండు మూరలు అన్నాను నోటికొచ్చినట్టు.

"చాలదు. కన్ను కడుక్కోవాలె. నడుమ కిటికీ ఉన్న గోడ చూడు."

పంచె దులుపుకొని లేచాడు, సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. హాలు తాళాలు నా దగ్గరే ఉన్నాయి. కాగితం మడిచి తీసుకోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది ఈడ్నే ఉంచు. పొట్టు ఎత్తనీకి పనికొస్తది."