ఎవరి చెయ్యీ పడని చీటీ

మొన్న ఆదివారం నేను పప్పు కడుగుతూంటే ముందు గదిలోంచి మా అమ్మాయి కేకేసింది. "అమ్మా, ఇంగ్లీషు అక్షరాలో అంకెలో, నోటికేమొస్తే అవి ఎనిమిది చెప్పు. ఆలోచించకు."

ఆలోచించకుండా మాట్లాడ్డం నాకు చేతకాని విద్య కాదు, కావలిస్తే మా వారినడగండి. గడగడా చెప్పేశాను. అది రాసుకుని పకపకా నవ్వింది. "నీ పేరులో మొదటి అక్షరం, నాన్నది, అన్నయ్యది, నాది, ఆ తర్వాత మన ఇంటి నంబరు. నోటికొచ్చింది చెప్పడమంటే ఇదా?"

చూద్దును కదా, నిజమే. ఎనిమిదీ సంసారమే!

ఆ పిల్ల ఫోన్లలో వాడే ఒక యాప్ కోసం ప్రోగ్రాం రాస్తోంది లెండి. అపార్ట్‌మెంటుకి వచ్చే చుట్టాలకి ముందుగా ఎనిమిదక్షరాల సంకేతం ఒకటి పంపిస్తారట. గేటు దగ్గర అది చూపిస్తే లోపలికి వదులుతారు. ఆ అక్షరాలకి అర్థం ఉండకూడదు, ఒక వరసా వావీ ఉండకూడదు, ఎవరూ ఊహించకూడదు. పెద్దక్షరాలు 26, చిన్నక్షరాలు 26, అంకెలు 10, వెరసి 62. ఎనిమిది స్థానాల్లో ఇవి 218 లక్షల కోట్ల రకాలకు పైగా కూర్చోగలవట. అందులో సున్నాకీ 'ఓ'కీ తేడా తెలియక వాచ్‌మన్‌తో తగువులొస్తాయని కొందరు ఆ రెంటినీ తీసేస్తారట. అనుభవం మీద వచ్చిన తెలివి కాబోలు.

"మనిషికి చేతకానిది మిషనుకెలా వస్తుందే?" అన్నాను.

రాదట! నాకు వింతగా తోచింది ఇదే. కంప్యూటరుకి లెక్క తప్ప మరొకటి తెలియదు. ఒక అంకె ఇస్తే దాన్ని హెచ్చవేసి, కూడి, భాగించి, మిగిలిన శేషాన్ని మన చేతిలో పెడుతుంది. ఆ శేషంలోంచే ఆ తర్వాతది. మొదట ఇచ్చే అంకెకి వాళ్ళు పెట్టుకున్న పేరు విత్తనం. అదే విత్తనం మళ్ళీ వేస్తే అవే అక్షరాలు అదే వరసలో మొలుస్తాయి. గడియారంలో అప్పటి క్షణాన్నే విత్తనంగా వేసేవాళ్ళు చాలామంది ఉండేవారట. నాటిన వేళ తెలిసినవాడు కాసే కాయనీ చెప్పేస్తాడు కదా!

లెక్కలు కట్టి ఇలాంటి అంకెలు పుట్టించాలని చూసేవాడు పాపంలో ఉన్నట్టేనని జాన్ వాన్ న్యూమన్ అనే మహా గణితవేత్త 1951లోనే హాస్యానికి రాశాడట. ఆయన కూడా ఆ లెక్కలు కట్టినవాడే. పాపమన్న మాట నా చెవిలో ఉండిపోయింది. ఎందుకో తర్వాత చెబుతాను.

భద్రత కావలసిన పనులకు మాత్రం విత్తనం వేరేగా తెస్తారు. ఫోను లోపలి పరికరాల నుంచి ఏ క్షణాన ఏ కబురొచ్చిందో, ఆ వేళల్లో ఉండే అతి సన్నని తేడాల్ని ఏరి పోగు చేస్తారు. అదీ ఒకసారి దెబ్బతింది. 2013 ఆగస్టులో ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ ఏర్పాటుకే లోపమున్నట్టు బయటపడింది. దానివల్ల కొందరి బిట్‌కాయిన్ సొమ్ము దొంగల పాలైంది.

మా అమ్మాయి ఈ జాగ్రత్తలన్నీ పడ్డా, పై అధికారి దాని ప్రోగ్రాముని వెనక్కి పంపాడట. ఏమిటే తప్పు అంటే, వంటింట్లోకొచ్చి నాకర్థమయ్యేలా చెప్పింది. "నీ దగ్గర 256 లడ్లున్నాయి, పంక్తిలో 62 మంది కూర్చున్నారనుకో. ఎలా వడ్డిస్తావు?"

"తలా నాలుగూ వేస్తాను."

"248 అయ్యాయి. మిగిలిన ఎనిమిది?"

"పంక్తి మొదట్నించి వేసుకుంటూ పోతాను."

"అదే తప్పు!"

ఫోను ఇచ్చే అంకె 256 రకాల్లో ఏదో ఒకటి. దాన్ని 62 అక్షరాలకి పంచితే ఎనిమిది మిగులుతాయి. అవి ఎప్పుడూ వరసలో ముందున్న ఎనిమిది అక్షరాలకే పోతాయి. అంటే 'ఎ' నుంచి 'హెచ్' దాకా తక్కినవాటికి నాలుగుసార్లు వచ్చే అవకాశం వీటికి అయిదుసార్లు వస్తుంది. ఎవరూ కావాలని చేసింది కాదు. ముందు కూర్చోడమే వాటి అర్హత. పెళ్ళి పంక్తుల్లో చివర కూర్చున్నవాళ్ళకి ఈ లెక్క వివరించక్కర్లేదు.

"మరేం చేశావు?"

"ఆ ఎనిమిదిలో ఏదొచ్చినా పారేసి, ఇంకోటి ఇమ్మని అడుగుతాను."

లడ్లు పారెయ్యడమంటే నా ప్రాణం ఉసూరుమంది. పక్షపాతం లేకుండా ఉండాలంటే చేతికొచ్చింది పారేసుకునే గుండె కూడా ఉండాలన్నమాట. అప్పుడే మా అమ్మ జ్ఞాపకం వచ్చింది.

1983లో అమ్మ తన నగలు మా ముగ్గురికీ పంచింది. ఒక కాసులపేరు, ఒక వంకీ, ఒక జత గాజులు. బరువంతా కాసులపేరులోనే ఉంది. పెద్దదానిగా అక్కయ్య దానిమీద ఆశ పెట్టుకుంది. మా చెల్లెలికేమో అప్పుడు రోజు గడవడమే కష్టంగా ఉంది. మరిది పనిచేసే మిల్లు మూతపడి ఏడాది. అమ్మ ఎవరినీ నొప్పించకుండా, అమ్మవారి ముందు చీట్లు వేద్దామంది. ముగ్గురి పేర్లూ రాసి గిన్నెలో వేసి, పక్కింటి నాలుగేళ్ళ పిల్లాడి చేత తీయించింది. కాసులపేరు చెల్లెలికొచ్చింది. దీపంలో నూనె పొయ్యాలంటూ అమ్మ గిన్నెతో సహా లోపలికెళ్ళి వచ్చింది. తక్కినవాటికి అక్కయ్య పేరూ నా పేరూ వచ్చాయి. అమ్మవారి దయ అని అందరం దణ్ణం పెట్టుకున్నాం.

సాయంత్రం వాడిన పువ్వులు తీస్తూంటే దీపపు సెమ్మె కింద రెండు మడిచిన చీటీలు దొరికాయి. రెంటిమీదా చెల్లెలి పేరే!

వాటిని పొయ్యిలో పడేశాను. ఎవరితోనూ అనలేదు. అమ్మతో కూడా.

ఆ బంగారంతోనే చెల్లెలు పిల్లల్ని చదివించుకుంది. అది దానికి దక్కడం తప్పని నేనేనాడూ అనుకోలేదు. కానీ దానికే ఇస్తున్నానని అమ్మ నోరు విప్పి చెబితే సరిపోయేదేమో. ఏ చెయ్యీ లేదని నమ్మించి చెయ్యి పెట్టడమే నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. పోనీ, అమ్మ నిజంగానే వేసి ఉంటే? మా అమ్మాయి రాసిన యాప్‌కి ఎవరి మొగుడి మిల్లు మూతపడిందో తెలియదు. తెలియకూడదు కూడా. దాని ధర్మమే అది. తల్లి ఆ ధర్మం పట్టుకుని కూర్చోవాలా? నలభై ఏళ్ళు దాటినా నాకు తేలలేదు. అమ్మని తప్పుపడుతున్నాను గానీ, చీటీలు కాల్చింది నేనే కదా!

ఇదంతా అమ్మాయికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "పెద్దమ్మకి తెలుసా?" అంది.

తెలియదు. మా అక్కయ్య పోయే ముందు ఏడాది మా ఇంట్లో నెల్లాళ్ళుంది. ఒక మధ్యాహ్నం ఏదో పెళ్ళిలో చూసిన కాసులపేరు సంగతి మాటల్లో వచ్చింది. "ఇచ్చింది అమ్మవారు కనక ఊరుకున్నానే. అదే అమ్మ ఇచ్చి ఉంటే మళ్ళీ ఆ గడప తొక్కేదాన్నా?" అంది నవ్వుతూ.

నేను కాఫీ కలుపుతానని లేచాను.