ముందు నిలిచినవాడు, మొదట ఇచ్చినవాడు

ధ్యానభాగములు: 1 కొరింథీ 12:22-24, ద్వితీయోపదేశ 26:1-11, లూకా 21:1-4



పేరు రాని సేవకు విలువ ఉన్నదా? ఈ ప్రశ్నను ఒక క్రీడాకారుని జీవితమునుబట్టి ఆలోచింతము.

అమెరికాలో ఫుట్‌బాల్ అని పిలుచు ఆట మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. అందు కోలగానున్న బంతిని చేతపట్టుకొని పరుగెత్తుదురు. జట్టుకు 11 మంది. బంతిగల జట్టులో అయిదుగురు బలాఢ్యులు ముందువరుసలో నిలిచి, ఎదుటివారిని తమ దేహములతో అడ్డగించి దారి చేయుదురు. వెనుకనున్నవాడు బంతితో పరుగెత్తగా జనులు వానిని పొగడుదురు. దారి చేసినవాడు తప్పినప్పుడు మాత్రమే వారి కంటబడును.

అట్టి వరుసలో నడుమ నిలిచినవాడు జేసన్ బ్రౌన్. ఆయన 2005లో బాల్టిమోర్ జట్టులో చేరెను. 2009లో సెయింట్ లూయిస్ జట్టు ఆయనతో 5 సంవత్సరములకు 3 కోట్ల 75 లక్షల డాలర్ల ఒప్పందము చేసికొనెను. అనగా పేరు రాకున్నను జీతము వచ్చెను. జీతము కూడ రాని చోట మనుష్యుడు ఇతరులకొరకు నిలుచునా? పరీక్ష అక్కడనే యున్నది.

2012లో ఆ జట్టు ఆయనను విడిచిపెట్టెను. వేరు జట్లు కోరినను ఆయన పోలేదు. నార్త్ కరోలినాలో లూయిస్‌బర్గ్ యొద్ద సుమారు 1,000 ఎకరముల భూమి కొని సేద్యమునకు దిగెను. సేద్యము తెలియనందున యూట్యూబ్ వీడియోలు చూచి నేర్చుకొనెను. పొలమునకు ప్రథమఫలముల పొలమని పేరు పెట్టెను. 2014లో తన తొలి చిలగడదుంపల పంట, 20,000 కిలోలకు మించి, ఆకలిగొన్నవారికి ఉచితముగా పంచెను. మిగిలినది కాదు, మొదటిది ఇచ్చెను.

“అయ్యగారూ, కోట్లు గలవాడు ఇచ్చుట ఏమి గొప్ప? మాకున్నది అరెకరము” అని మీరనవచ్చును. ఆ మాట న్యాయమైనదే. ఆయన కానుక బీద విధవరాలి కానుక కాదు. ఇచ్చినది ఎంతయో గాక, ఇచ్చినపిమ్మట ఏమి మిగిలెనో ప్రభువు చూచెను. అయినను ప్రథమఫలముల ఆజ్ఞ ధనవంతులకు మాత్రమే ఇయ్యబడలేదు. గంప ఎంత పెద్దదని మోషే అడుగలేదు. మొదటి పంట అందులో ఉన్నదా అనునదే ముఖ్యము. కోత ముగిసి, అప్పులు తీరి, మిగిలినప్పుడు ఇత్తుమని చెప్పువానికి ఎన్నడును మిగులదు.

మన సంఘములలో ఎసరు పెట్టకమునుపే పిడికెడు బియ్యము తీసి ప్రక్కనుంచు తల్లులున్నారు. తెల్లవారకముందే గుడి ఊడ్చి చాపలు పరచువారున్నారు. వారి పేర్లు ఏ పలకమీదను చెక్కబడలేదు. అయినను వారు లేనిదే ఆదివారపు ఆరాధన సాగదు. ఘనములేని అవయవమునకు దేవుడే అధిక ఘనత కలుగజేయునని అపొస్తలుడు బోధించుచున్నాడు.

కాబట్టి ప్రియులారా, ఈ కోతకాలమున మొదటి గంప ఎవరిదో కొడవలి పట్టకమునుపే నిర్ణయించుకొనుడి. రహస్యమందు చూచు తండ్రి మిమ్మును దీవించును గాక. ఆమేన్.